ఆరుగురికి ఇరవై అయిదు రోజులు

ఎగువపల్లె, పులివెందుల దగ్గర
22 జనవరి 1995

మెహబూబ్‌కు,

అందరం బాగున్నామని ముందే చెప్పేస్తే నువ్వు నిమ్మళంగా చదువుతావు కాబట్టి చెప్పేశాను. పెళ్లయిన పదహారేళ్లకు లెక్కలు నేర్పమని ఉత్తరం రాస్తున్నానని నవ్వుకో. జమ్మలమడుగు బళ్లో నీ పక్కనే కూచుని, నీ పలక చూసి కూడా తప్పులు ఎక్కించిన దాన్ని. పదో తరగతిలో ఆ ఒక్క లెక్కల పరీక్షే తన్నింది. ఆ వేసవిలోనే పెళ్లి చేసి పంపించారు. నువ్వు మాత్రం ప్రొద్దుటూరులో లెక్కల టీచరువై కూచున్నావు.

ఇప్పుడు మా ఊరికి అంగన్‌వాడీ వస్తోంది. పది పాసైన ఆడమనిషి ఊళ్లో ఒక్కతీ లేదు. పాసైతే ఆ ఉద్యోగం నీదే అని మా ఆయన ఆదినారాయణ తనే వెళ్లి పరీక్ష ఫీజు కట్టొచ్చాడు. ఏప్రిల్లో పరీక్ష. ఈ అనులోమం, విలోమం, మిశ్రమం అనే అధ్యాయం దగ్గర నా బండి దిగబడిపోయింది. 'ఒక కోటలో మూడువందల మంది సైనికులకు తొంభై రోజులకు సరిపడే ఆహారం గలదు' అంటాడు. ఎవరి కోట అది, అంతమందికి వండేది ఎవరు? నాకు కోటలు తెలీవు మెహబూబ్, వంటిల్లు తెలుసు.

నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నా, మా ఇంట్లో పార్టీ గొడవలేమీ లేవు. మా మామను చంపిన ఏడాది మా ఆయన పిల్లోడి తలమీద చెయ్యి పెట్టి, ఇక కత్తి పట్టను, పట్టేవాళ్ల వెంట పోను అని ఒట్టేశాడు. ఆరేళ్లయింది. తనూ తన చీనీతోటా, అంతే. ఇంట్లో మేమిద్దరం, పిల్లలిద్దరు, అత్త వనజమ్మ, మరిది నారాయణ. పోస్టుమాన్ పీర్ సాహెబ్ ఉత్తరాలు నా చేతికే ఇస్తాడు, ధైర్యంగా రాయి.

రామేశ్వరి

*

ప్రొద్దుటూరు
30 జనవరి

ఒసే రామేశ్వరీ,

నీ పలక సంగతి నేను మరిచిపోలేదు. ఏడుని ఒకటిలా రాసేదానివి.

కోటను వదిలెయ్. మీ ఇంట్లో ఆరుగురు. డెబ్బై అయిదు కిలోల బియ్యం బస్తా ఎన్నాళ్లు వస్తుంది? మా ఇంటి లెక్కన చూస్తే ఇరవై అయిదు రోజులు. ఆరుని ఇరవై అయిదుతో గుణించు, నూటయాభై. ఇదే నీ స్థిరరాశి. పన్నెండుగురు తింటే పన్నెండున్నర రోజులు, ముగ్గురు తింటే యాభై రోజులు. మనుషులు పెరిగితే రోజులు తగ్గుతాయి, అది విలోమం. రోజులు పెరిగితే కావలసిన బియ్యమూ పెరుగుతుంది, అది అనులోమం. ఎంత బియ్యం కావాలో చెప్పాలంటే మనుషులూ రోజులూ రెండూ చూడాలి, అది మిశ్రమం. అయిపోయింది అధ్యాయం.

ఇంటిపని ఇస్తున్నా. బస్తా విప్పిన నాటి నుంచి రోజుకొక గీత గోడ మీద బొగ్గుతో గియ్యి. బస్తా ఖాళీ అయ్యాక నూటయాభైని గీతలతో భాగించు. ఎంతమంది తిన్నారో గోడే చెబుతుంది. నూటయాభై అబద్ధమాడదు.

ఇంకో మాట. ప్రతి లెక్క మొదట్లో 'మిగతావన్నీ మారకుండా ఉంటే' అని ఒక ముక్క రాసి ఉంటుంది. దాన్ని చూసి తికమకపడకు. పదేళ్లుగా మా పిల్లలకు చెబుతున్నా, దాన్ని దాటేసి అంకెల దగ్గరికి పొమ్మని.

నీ మెహబూబున్నీసా

*

ఎగువపల్లె
3 మార్చి

మెహబూబ్‌కు,

ఇంటిపని చేశాను, తప్పొచ్చింది. పోయిన నెల బస్తా సరిగ్గా ఇరవై అయిదు రోజులు వచ్చింది, నీ నూటయాభైకి దండం పెట్టుకున్నా. తర్వాతి బస్తా అయిదు గీతలకే ఖాళీ. నూటయాభైని అయిదుతో భాగిస్తే ముప్పై మంది. కానీ మా ఇంట్లో కంచాలూ విస్తళ్లూ కలిపి ఇరవై నాలుగు. రెండు పూటలా లెక్కపెట్టాను. మిగిలిన ఆరుగురు ఎవరు? నా భాగహారం తప్పా?

ఇరవై నాలుగేంటి అంటావు. పద్దెనిమిది మంది వచ్చి ఉన్నారు. చీనీకాయల కోతకు వచ్చిన కూలీలు అన్నాడు మా ఆయన. కోతకాడి చేతులు నేను చూడనివా? ముళ్లు గీరి గీరి మోచేతుల దాకా గీతలుంటాయి. వీళ్ల చేతులు నున్నగా ఉన్నాయి. పగలంతా కొట్టంలో పడుకుంటారు, ఒకరి పేరు ఒకరు పిలుచుకోరు. పోయిన వారమే మండలం ఎన్నికలయ్యాయి. నేనేం అడగలేదు, వండి పెడుతున్నాను.

లెక్క ఎక్కడ తప్పిందో త్వరగా రాయి. నవ్వుతూ రాద్దామనే కూచున్నాను, అప్పుడే రెండు కాయితాలు చించేశాను.

రామేశ్వరి

*

ప్రొద్దుటూరు
7 మార్చి

రామేశ్వరీ,

నీ భాగహారం తప్పు కాదు. తప్పయితే బాగుండేది.

ఎలుకలు ఆరుగురి బియ్యం తినవు. మీ అత్త బియ్యం అమ్ముకునే మనిషి కాదు. ఆ ఆరుగురి అన్నం ఇంట్లోంచి ఎక్కడికో పోతోంది. ఎవరు పట్టుకుపోతున్నారో కనిపెట్టు. నోరు తెరిచి మాత్రం ఎవరినీ అడగకు. ఈ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టు.

మెహబూబ్

*

ఎగువపల్లె
14 మార్చి

మెహబూబ్‌కు,

అన్నం తోటలోని మోటారు షెడ్డుకు పోతోంది. గంపలో పెట్టి, పైన పచ్చగడ్డి కప్పి మా అత్తే మోసుకుపోతోంది. గుడికి కూడా ఒంటరిగా పోని మనిషి!

పిల్లలు బడికి పోయాక మా ఆయన్ని నిలదీశాను. తలుపు గడియ పెట్టొచ్చాడు. తర్వాత చెప్పాడు. కొత్తగా గెలిచిన మండల సభ్యులు ఆరుగురిని, మా ఊరి పార్టీని నడిపించే పెద్దాయన మనుషులు ఎత్తుకొచ్చి మా షెడ్డులో పెట్టారు. మండలాధ్యక్షుని ఎన్నికయ్యే దాకా ఇక్కడే. తమకే ఓటు వేస్తామని సంతకాలు పెట్టించుకుంటున్నారు. ఆ పద్దెనిమిది మంది వాళ్ల కాపలా.

"నీ ఒట్టు ఏమైంది?" అన్నాను.

"కత్తి పట్టలేదు గదా రామేశ్వరీ. బువ్వ పెడ్తాండా, అంతే. షెడ్డు ఇయ్యనంటే తెల్లారేసరికి మనమే అవతలి పార్టీ అయిపోతాం. మా నాయనను యాడ పడేసినారో మరిచిపోయినావా?"

నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు, జాలీ భయమూ వచ్చాయి.

ఇప్పుడు ఇంకో సంగతి. ఇవాళ ఖాళీ అయిన బస్తా ఆరు రోజులు వచ్చింది. నూటయాభైని ఆరుతో భాగిస్తే ఇరవై అయిదు. విస్తళ్లు, కంచాలు ఎప్పటిలాగే ఇరవై నాలుగు. అంటే షెడ్డులో ఒక్కరే మిగిలారు. ఆ అయిదుగురు ఏమయ్యారో తెలీదు.

ఈ మాట నీ నోట దాటితే మా ఇల్లు ఉండదు. నా పిల్లల మీద ఒట్టు, ఎవరికీ చెప్పకు.

రామేశ్వరి

*

ప్రొద్దుటూరు
18 మార్చి

రామేశ్వరీ,

ఒక మాట నీకు ఇన్నాళ్లూ దాచాను. నిన్ను ఇంకా భయపెట్టడం ఇష్టంలేక దాచాను.

మా పదో తరగతిలో సుబ్బలక్ష్మి అని ఒక పిల్ల ఉంది, హాస్టల్లో ఉంటుంది. మీ మండలమే. వాళ్ల నాయన ఎర్రన్న, గొర్రెలు మేపుకునే మనిషి, ఏ పార్టీ కండువా కప్పుకోకుండా నిలబడి గెలిచాడు. గెలిచిన మర్నాటి నుంచి కనిపించడం లేదు. ఆయనతో పాటు మాయమైన అయిదుగురి ఇళ్లకూ పోయిన వారం కబురొచ్చింది, బ్రహ్మంగారిమఠంలో సత్రంలో ఉన్నాం, క్షేమం అని. ఎర్రన్న ఇంటికి మాత్రం ఏ కబురూ లేదు. షెడ్డులో మిగిలింది ఆయనే.

ఆ పిల్ల నా కళ్లముందు కూచుని లెక్కలు చేస్తోంది. వాళ్ల నాన్న ఎక్కడున్నాడో నాకు తెలుసు, చెప్పలేను. నిన్న పోలీస్ స్టేషన్ వీధి దాకా పోయాను. అక్కడ ఒక జీపు ఆగి ఉంటే, అది ఎవరిదో కూడా తెలీకుండానే వెనక్కి తిరిగొచ్చాను. నాకు సిగ్గుగా ఉంది.

నువ్వు తోటవైపు పోకు. గోడ మీద గీతలు మాత్రం మానకు. ఆ గీతలు ఉన్నంతకాలం ఆయన అన్నం తింటున్నాడని మనకు తెలుస్తుంది.

మెహబూబ్

*

ఎగువపల్లె
29 మార్చి

మెహబూబ్,

మొన్నటి బస్తా కూడా ఆరు రోజులే వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాను. ఈ బస్తా ఆరు రోజుల వంట అయ్యాక కూడా అడుగున బియ్యం మిగిలాయి. తూకం వేసి చూశాను, మూడు కిలోలు. డెబ్బై అయిదు కిలోలను నీ నూటయాభైతో భాగిస్తే మనిషికి రోజుకు అరకిలో. ఆరు రోజులకు మూడు కిలోలంటే సరిగ్గా ఒక్క మనిషి తిండి. ఇరవై నాలుగు మందే తిన్నారు. విస్తళ్లూ ఇరవై నాలుగే.

షెడ్డులో ఎవరూ తినడం లేదు మెహబూబ్.

మా అత్త గంప ఎత్తడం మానేసింది. దూరం నుంచి చూశాను, షెడ్డు వెనక చీనీచెట్ల మొదట్లో కొత్తగా తవ్విన మట్టి కుప్ప ఉంది. మోటారు పొద్దస్తమానం నడుస్తోంది, చప్పుడుకు ఏమీ వినపడదు. మా ఆయన నాతో మాట్లాడడు. పొద్దున్నే స్కూటరు మీద పులివెందులకు పోయి గంటలో వస్తాడు, ఎందుకో చెప్పడు. ఆయన మొహం చూడాలంటే భయంగా ఉంది. నేను ఎవరితో కాపురం చేస్తున్నాను?

రామేశ్వరి

*

ఎగువపల్లె
30 మార్చి

మెహబూబ్,

నిన్నటి ఉత్తరం చించెయ్. ఎర్రన్న బతికే ఉన్నాడు!

పొద్దున్న ఉండబట్టలేక మా అత్త కాళ్లు పట్టుకున్నాను, ఆ మట్టికుప్ప ఏంది, చెప్పు అని. ఆమె నన్ను లేవదీసి నవ్వింది, ఏడుస్తూ నవ్వింది.

"పిచ్చిదానా, అది పొయ్యికి తవ్విన గుంత. ఆ అయిదుగురూ మన బువ్వ తిని సంతకం పెట్టిపోయిరి. కొన్నాళ్లు ఈయనా తినె, ఎన్నిక దగ్గర పడేసరికి అది తలుచుకుని ఈ వారం నుంచి బువ్వ ముట్టనంటాండాడు. 'ఈ ఇంటి అన్నం తిని ఈ ఇంటికి ఎదురు ఓటు ఎట్లేస్తా? నాకు పచ్చి పిండి ఇయ్యండి, నా సంగటి నేనే గెలుక్కుంటా' అనె. ఒక్క బియ్యపు గింజ గూడ కలపనీడు. మీ ఆయనే దినామూ పులివెందుల మరకాడికి పోయి రాగులు పట్టించుకొస్తాండాడు. కావిలోళ్లకు తెలిస్తే కొడ్తారని పిండి గోతం కింద పెట్టి, పైన దాణా మూట పెడ్తాడు."

వండని పిండి తీసుకుంటే ఆ ఇంటి కూడు తిన్నట్టు కాదు గదా. మనింటికొచ్చిన సాధువులకు స్వయంపాకం ఇవ్వమా, అట్లాగే ఇది. నువ్వూ నేనూ బియ్యం లెక్కపెట్టాం, రాగులు లెక్కపెట్టలేదు.

బుధవారం ఎన్నిక. అయిపోగానే ఆయన్ను ఇంటి దగ్గర దింపి వస్తానని మా ఆయన తన తల్లికి మాటిచ్చాడట. నా మొగుడు మంచివాడే మెహబూబ్. నిన్న రాసిన మాటలకు నాకు సిగ్గుగా ఉంది. సుబ్బలక్ష్మిని బాగా చదువుకోమను.

నీ రామేశ్వరి

*

ప్రొద్దుటూరు
1 ఏప్రిల్, ఉగాది

రామేశ్వరీ,

నీ 29వ తేదీ ఉత్తరం నిన్న అందింది. చదివి ఏం చేశానో నీకు చెప్పక తప్పదు.

నిన్న సాయంత్రం సుబ్బలక్ష్మిని పండక్కి తీసుకుపోదామని వాళ్లమ్మ పెద్దసుబ్బమ్మ వచ్చింది. హాస్టల్ మెట్ల మీద కూచుని, "టీచరమ్మా, మా పాప బాగా చదువుతాండాదా? వాళ్ల నాయన వస్తే అదే అడుగుతాడు" అంది. ఆ మాట విన్నాక నా నోరు ఆగలేదు. ఆమెను పక్కకు తీసుకుపోయి చెప్పాను. ఆయన్ని ఆదినారాయణ తోటలో పెట్టారని, అయిదారు రోజులుగా అక్కడ ఎవరూ అన్నం తినడం లేదని. ఎట్లా తెలుసని అడిగితే లెక్క చెప్పాను. లెక్క తప్పదు అని కూడా అన్నాను.

ఆమె ఏడవలేదు. గాజుల వైపు ఒకసారి చూసుకుంది. పిల్ల పెట్టె సర్దుకుని, ఇంటికి కాకుండా అవతలి పార్టీ వాళ్ల ఊరికి పోయే బస్సెక్కింది.

నువ్వు పెట్టిన ఒట్టు తప్పాను. ఒక ఆడదానికి తన మొగుడు లేడని తెలియాలి కదా అనుకున్నాను. ఇప్పుడు వాళ్లు మీ ఇంటి మీదికి రాక మానరు. మీ ఆయన్ని ఊరు దాటించు. పిల్లల్ని జమ్మలమడుగు పంపించెయ్. పోస్టాఫీసు రెండు రోజులు సెలవని తెలుసు, అయినా ఇప్పుడే డబ్బాలో వేస్తున్నాను.

మెహబూబ్

*

జమ్మలమడుగు బస్టాండు
3 ఏప్రిల్, సోమవారం

రామేశ్వరీ,

నీ 30వ తేదీ ఉత్తరం సెలవులన్నీ గడిచి ఇవాళ పదిగంటలకు చేతికొచ్చింది. స్కూలు నుంచే బయలుదేరాను. పెద్దసుబ్బమ్మకు ఈ ఉత్తరం చూపించాలి, ఆయన బతికే ఉన్నాడని చెప్పాలి, అంతే నా ఆలోచన. ఇక్కడి దాకా వచ్చాను. పులివెందులకు బస్సుల్లేవు. ఎందుకు లేవని కండక్టర్లను అడిగితే మొహాలు తిప్పుకుంటున్నారు.

కవరు కొనుక్కుని బెంచీ మీద కూచుని రాస్తున్నాను. నా వెనక అరటిపళ్ల బండి అతను సలీం ఎవరికో చెబుతున్నాడు.

"పులివెందుల రోడ్డులో మరకాడ నరికినారంట అన్నా, పొద్దున ఎనిమిదికి. స్కూటరు మీద వస్తాంటే. పిండి గోతం పగిలి రోడ్డంతా రాగిపిండేనంట."

ఆయన కాదని రాయి రామేశ్వరీ. రాగులు ఎంతమంది పట్టించుకోరు? స్కూటర్లు ఎన్ని లేవు? నా లెక్క ఒకసారి తప్పింది కదా, ఇది కూడా తప్పని రాయి.

మెహబూబ్

*

ఎగువపల్లె
11 జూన్

మెహబూబున్నీసా టీచరు గారికి,

నీ ఉత్తరాలు తొమ్మిది వచ్చాయి. ఆఖరి నాలుగూ విప్పలేదు. ఇవాళ విప్పి చదివాను. ఆ నాలుగిటిలోనూ క్షమించమనే ఉంది.

నీ మీద కోపం లేదని అబద్ధం రాయను. ఉంది. పొద్దున లేస్తూనే ఉంటుంది. నా మీద కూడా ఉంది. నువ్వు తెరిచింది నోరే, నీకు ఆ అంకెలు అందించింది నేను. ఒక్కరోజు ఆగి ఉంటే ఒకే ఉత్తరం రాసేదాన్ని.

ఆ రోజు గొడవలో కాపలావాళ్లు షెడ్డు వదిలేసి పారిపోయారు. ఎర్రన్న తనంతట తనే నడుచుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. మా ఆయన శవాన్ని చూసి, తన కోసమే ఆ పిండి అని తెలిసి, అరుగు మీద కూలబడ్డాడు. ఓటు వేయడానికి పోలేదు. పదకొండో రోజు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. మా మరిది కత్తి తీయబోతే మా అత్త అడ్డంగా నిలబడింది. ఎర్రన్న వాడితో ఒకటే మాట అన్నాడు.

"నన్ను నరకాలంటే నరుకు నాయనా. ముందు బువ్వ పెట్టు, తిన్నాక నరుకు."

వాడి చేతే వడ్డింపించుకుని మా ఇంట్లో అన్నం తిన్నాడు. పెద్దసుబ్బమ్మ కూడా తింది. మా ఇంటి అన్నం తిన్నవాళ్ల మీదికి ఇక మావాళ్లు పోలేరు, వాళ్లూ మా మీదికి రాలేరు. మా మరిది ఆ రోజు నుంచి తోటపని చూసుకుంటున్నాడు. ఎన్నాళ్లు చూసుకుంటాడో, పిల్లోడు పెద్దయ్యాక ఏమడుగుతాడో, ఆ భయం నాకు ఉంది, ఉంటుంది.

సుబ్బలక్ష్మి పాసైందని చెప్పాడు. నేను పరీక్షకు పోలేదు. అక్టోబరు పరీక్షకు కట్టాను. అంగన్‌వాడీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, నాకు ఆ ఉద్యోగం ఇప్పుడు కావాలి. అందుకే రాస్తున్నాను, ఒక సందేహం తీర్చు.

చుట్టాలందరూ వెళ్లాక, మే నెలలో బస్తా విప్పి మళ్లీ గీతలు పెట్టాను. అయిదుగురం. నూటయాభైని అయిదుతో భాగిస్తే ముప్పై రోజులు రావాలి. ఇరవై అయిదు గీతలకే ఖాళీ అయిపోయింది. ఎలుకలు కాదు, మా అత్త కాదు. నేనే. రోజూ చేటలో బియ్యం పోసేటప్పుడు నా చెయ్యి ఆరుగురికి పోస్తోంది. తెలిసి పోయడం లేదు. మిగిలిన అన్నం చూసినప్పుడు తెలుస్తుంది.

'మిగతావన్నీ మారకుండా ఉంటే' అన్న ముక్కను దాటేయమన్నావు. దాన్ని ఎట్లా చదవాలో ఇప్పుడు నాకు నేర్పు. ఈ గోడను నీలాంటి లెక్కలొచ్చిన మనిషెవరైనా చూస్తే, మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు, రెండు పూటలా తింటున్నాడు అని చెబుతారు.

రామేశ్వరమ్మ